దండ లేని ఫొటో ముందు గుడ్డు కాఫీ

ఆ శనివారం నేను చేసిన తప్పు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. చనిపోయిన ఒక పెద్దమనిషి కోసం పెట్టిన కాఫీని నేను తాగేశాను.

పొరపాటున ఒక గుక్క తాగడం కాదు. అడుగున మిగిలిన నురగను చెంచాతో గీకి మరీ తాగాను. అక్కడితో ఆగినా పరువు దక్కేది. కొంచెం తలకు కూడా రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో చెబితే మీలో సగం మంది నవ్వుతారు, తక్కిన సగం మంది ‘అయ్యో, నేనైనా అదే చేసేవాణ్ణి’ అంటారు. ఆ రెండో సగం కోసమే ఇది రాస్తున్నాను. మీరు బెర్లిన్‌లో ఉంటుంటే మరికాస్త జాగ్రత్తగా చదవండి.

ముందు నా సంసారం సంగతి చెప్పాలి. నేను బెర్లిన్‌లో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాస్తాను. నా భార్య హారిక అప్పట్లో కైసర్స్‌లౌటర్న్‌లో పరిశోధన చేసేది. మా ఇద్దరి మధ్యా దాదాపు జర్మనీ అంతా అడ్డంగా పడుకుని ఉండేది. నెలకోసారి ఆమె వచ్చేది, లేకపోతే నేను వెళ్ళేవాణ్ణి. ఆదివారం సాయంత్రం రైలు తలుపు మూసుకున్నాక అద్దానికి అటు ఒక చెయ్యి, ఇటు ఒక చెయ్యి. ఆ అద్దాలు తుడిచేవాళ్ళకి మా వేలిముద్రలు అప్పటికే కంఠతా వచ్చి ఉంటాయి. రైలు వెళ్ళిపోయాక ఇంటికొచ్చి ఆమె తాగి వదిలేసిన టీ కప్పును నేను మంగళవారం దాకా కడిగేవాణ్ణి కాదు. ఇది బద్ధకం అని ఆమె అనేది. నేను ఒప్పుకునేవాణ్ణి. నిజం చెప్పడానికి సిగ్గు.

పెళ్ళయిన కొత్తలో వియత్నాం వెళ్దామనుకున్నాం. హైదరాబాదు నుంచి కొత్త జంటలు గుంపులు గుంపులుగా వెళ్తున్నాయి కదా. అందరూ కొండలూ పడవలూ చూడటానికి వెళ్తే, హారిక తాగడానికి వెళ్దామంది. అపార్థం చేసుకోకండి. ఏ ఊరు వెళ్ళినా అక్కడి రోడ్డు పక్కన జనం ఏం తాగుతున్నారో తెలుసుకోవడం ఆమెకు పిచ్చి. “ఊరిని చూసుడు గాదు రాఘవా, ఊరిని తాగాలె” అంటుంది. వరంగల్లులో చెరకు బండి గజ్జెల చప్పుడు వింటూ పెరిగిన మనిషి.

మొదటిసారి నాకు కొత్త ఉద్యోగం వచ్చిందని ప్రయాణం మానేశాం. రెండోసారి ఆఫీసులో రిలీజ్ అడ్డమొచ్చింది. రిలీజ్ అంటే పూలు చల్లే సినిమా రిలీజ్ కాదు. ముందే పగిలి ఉన్నదాన్ని మరో నలుగురికి పంచిపెట్టే కార్యక్రమం. “వచ్చే ఏడాది తప్పకుండా” అన్నాను. వెనకటికి దయ్యాలు రాకుండా జనం తలుపుల మీద ‘రేపు రా’ అని రాసుకునేవాళ్ళట. నేను కట్టుకున్న భార్యకు ‘వచ్చే ఏడాది రా’ అని రాసి పెట్టాను.

చివరికి నాకో గొప్ప ఆలోచన వచ్చింది. నా గొప్ప ఆలోచనలన్నీ ఇలాగే ఖర్చు లేకుండా మొదలవుతాయి.

“హారికా, విమానం ఎందుకు? ట్రామ్ ఎక్కుదాం. లిష్టెన్‌బెర్గ్‌లో వియత్నాం వాళ్ళ బజారుంది. తూర్పు జర్మనీ రోజుల్లో ఫ్యాక్టరీ పనులకొచ్చి ఉండిపోయినవాళ్ళు. అక్కడ దొరకని వియత్నాం, వియత్నాంలో కూడా దొరకదు!”

ఆమె వీడియో కాల్‌లో నా ముఖం వంక చూసింది.

“సరే. ఒక్క దినం. ఫోన్ బంద్, ఆఫీసు ముచ్చట బంద్. గీ ఒక్కదినం గూడ కరాబ్ జేసినవనుకో, వచ్చే నెల నేను రాను. నువ్వు గూడ రాకు.”

నవ్వుతూ అనలేదు. అందుకని నేను ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టాను. సైలెంట్ వేరు, బంద్ వేరు అని చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఇంకో అడ్డంకి. అది శనివారం. జర్మనీలో ఉండి ఉద్యోగం చేసుకునే బ్లూ కార్డు చేతికొస్తే శనివారాలు నీచు కాదు కదా, గుడ్డు కూడా ముట్టనని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. కార్డు వచ్చింది. ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నాడు. ఇక మిగిలింది నేను.

ఆ దుకాణం బజారు చివరి షెడ్డులో ఉంది. మోకాలెత్తు ఎర్ర ప్లాస్టిక్ స్టూళ్ళు, వాటి ముందు అంతే ఎత్తు బల్లలు. కూర్చుంటే నా మోకాళ్ళు నా చెవులను పలకరించాయి. కౌంటర్ దగ్గర లిన్ అనే అమ్మాయి, బెర్లిన్‌లోనే పుట్టి పెరిగినదట. వెనకాల చెరకు మిషను దగ్గర వాళ్ళమ్మ. తెల్లజుట్టు ముడి, నల్ల ఆప్రాన్, చిన్న ఆకారం. ఆవిడ పేరు హాన్.

“అమ్మని ‘కో’ అని పిలవండి,” అంది లిన్ జర్మన్‌లో. “మా భాషలో నాన్న చెల్లెల్ని పిలిచే పిలుపు అది. అందరూ అలాగే పిలుస్తారు.”

“మన మేనత్త!” అని హారిక సంబరపడిపోయింది. “మంచిగున్నది. వచ్చీ రాంగనే సుట్టరికం గలిసింది.”

నేను మాత్రం చుట్టరికం సంగతి పక్కన పెట్టి సీబీఐ వాళ్ళలా విచారణ మొదలుపెట్టాను.

“ఈ ఐసు టీలో ఏముంటుంది?”

“ఐసు. టీ.”

“గుడ్డు?”

“లేదు.”

“చేప నీళ్ళు?”

లిన్ నా వంక జాలిగా చూసింది. “టీలోనా?”

“మరి చెరకు రసంలో? మీరు అన్నింట్లో ఆ చేప సాస్ వేస్తారని విన్నాను.”

“వెయ్యం. మీకు అంత కోరికగా ఉంటే వేస్తాను.”

హారిక పమిట ఉంటే మొహం దాచుకునేది. జాకెట్టు కాలరుతో సరిపెట్టుకుంది. “ఆయన మాట పట్టించుకోకు లిన్. శనివారం శనివారం మా ఆయన గిట్లనే అయితడు.”

ఒక్కొక్కటే వచ్చాయి. ముందు ఐసు వేసిన పల్చటి టీ. అక్కడ మంచినీళ్ళ లెక్క, ఎవరు కూర్చున్నా ముందు అదే పెడతారట. తరవాత ఉప్పులో నెలల తరబడి ఊరేసిన నిమ్మకాయను గ్లాసులో చిదిమి, చక్కెర వేసి లిన్ నీళ్ళు పోసింది. ఒక గుటక వేసి నేను ఆగిపోయాను. తెనాలిలో మా ఇంటి మేడ మీద ఎండలో జాడీలు, ఊరిన నిమ్మకాయ ముక్క ఒకటి దొంగతనంగా నోట్లో వేసుకుని ముఖం ముడుచుకున్న మధ్యాహ్నం, అన్నీ గ్లాసులోంచి పైకి తేలాయి. ఆకుపచ్చగా ఇంకో గ్లాసు వచ్చింది. హారిక ఆకు వాసన చూసి “సరస్వతాకు రసం!” అంది. “పరీక్షలప్పుడు మా నాయనమ్మ తాగిపిచ్చేది. మార్కులు రాలే గనీ కడుపు సల్లగుండేది.”

అప్పుడు హాన్ గారు చెరకు రసం తెచ్చారు. చెరకుతో పాటు బుల్లి నారింజల్లాంటి పుల్లటి పళ్ళు తొక్కతో సహా కలిపి ఆడతారు. హారిక రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగింది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

“ఎట్లుంది?” అన్నాను.

“మాట్లాడకు. నేనిక్కడ లేను.”

ఎక్కడుందో నాకు తెలుసు. నేనూ వెళ్ళాలనుకున్నాను. అయితే సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోను వణికింది.

చూడకుండా ఉండవచ్చు. మనిషి జన్మ ఎత్తినవాడెవడైనా ఉండగలడు. నేను మాత్రం, “చేతులు జిగురుగా ఉన్నాయి, కడుక్కుని వస్తా” అని లేచాను. కళ్ళు మూసుకునే ఆమె తలాడించింది. కళ్ళు మూసుకున్న మనిషికి అబద్ధం చెప్పడం ఎంత సులువో, ఎంత బరువో ఆ రోజే తెలిసింది.

వెనక గదిలో బియ్యం బస్తాల మధ్య నిలబడి మా మేనేజర్ మార్కుస్‌తో గుసగుసలాడాను. ఏదో పగిలిందట. సాయంత్రం చూస్తానన్నాను. ఫోను జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగితే ఎదురుగా ఒక అలమర మీద చిన్న పూజామందిరం.

ఇక్కడ నా తరపు వాదన కాస్త ఓపిగ్గా వినండి. ఎర్రటి గుడ్డ పరిచి ఉంది. అరటిపళ్ళు, చామంతులు, వెలుగుతున్న అగరొత్తులు. మధ్యలో ఫ్రేము కట్టిన ఫొటోలో ఒక పెద్దాయన చిరునవ్వు నవ్వుతున్నాడు. ఫొటోకి దండ లేదు. అద్దం మీద బొట్టు లేదు. మన దేశంలో దండ లేని ఫొటో అంటే ఏమిటి? మనిషి ఉన్నాడని. ఉన్న మనిషికి పూజ ఎందుకు? స్వామీజీ కాబట్టి! ఫొటో ముందు నీళ్ళున్న గిన్నె, ఆ నీళ్ళలో నిలబెట్టిన బుల్లి కప్పు, పక్కనే బుల్లి చెంచా. పంచపాత్ర, ఉద్ధరిణి. ఇంత స్పష్టంగా ఉంటే ఇంకేం అనుకుంటాను?

భార్యతో అబద్ధమాడి అప్పటికి అరనిమిషం కూడా కాలేదు. కళ్ళు మూసుకుని దండం పెట్టాను. ‘స్వామీ, ఈ ఒక్కసారికి కాయండి’ అని తీర్థం తీసుకున్నాను. కుడి అరచేతిలో చెంచాడు పోసుకుని, చప్పుడు చెయ్యకుండా జుర్రి, ఆ చెయ్యి తలకు రాసుకున్నాను.

ఏం తీర్థమండీ అది! కింద చిక్కటి కాఫీ చేదు, పైన మీగడలాంటి పచ్చటి నురగ తీపి. తిరుపతిలో కూడా ఎన్నడూ తగల్లేదు అలాంటిది. మూడుసార్లు తీసుకోవాలి కాబట్టి తీసుకున్నాను. శాస్త్రం అక్కడితో ఆగింది. నేను ఆగలేదు.

కప్పు అడుగు గీకుతుండగా గుమ్మంలో లిన్ కనబడింది. చేతిలో పళ్ళెం నిండా అన్నం, కూరలు. ఆమె నా తల వంక చూసింది. తరవాత కప్పు వంక చూసింది.

“చాలా మహిమ గల తీర్థం,” అన్నాను భక్తిగా. “ఈ స్వామివారు ఎక్కడుంటారు?”

“ఆయన మా నాన్న.”

“అబ్బ! మీ నాన్నగారే గురువుగారా!”

“గురువు కాదు. ఈ దుకాణం ఆయనదే.”

“అలాగా. ఇప్పుడు ఊళ్ళో లేరా?”

లిన్ పళ్ళెం నెమ్మదిగా కింద పెట్టింది. “చనిపోయారు. ఈ రోజే ఆయన తిథి. ఇంట్లో పెట్టాల్సిన ఫొటో, కానీ జీవితమంతా ఇక్కడే గడిపారని అమ్మ ఏటా ఇక్కడికి తెస్తుంది. మీరు తాగింది ఆయన కాఫీ.”

అలాంటప్పుడు సంస్కారమున్నవాడు క్షమాపణ అడుగుతాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

“మరి దండ ఎందుకు వెయ్యలేదండీ!”

ఆ కేకకు హారిక వచ్చింది. ఆమె వెనకాల హాన్ గారు. లిన్ వాళ్ళమ్మకి వాళ్ళ భాషలో చెప్పింది. రెండు ముక్కల్లో చెప్పేసింది, అంతకుమించి చెప్పడానికి మాత్రం ఏముంది? ఆవిడ నన్ను చూడలేదు. ముందు అగరొత్తుల వంక చూశారు. సగం కూడా కాలలేదు. తరవాత ఖాళీ కప్పును తీసి రెండు చేతుల మధ్య పట్టుకున్నారు, ఇంకా వెచ్చగా ఉందేమో చూస్తున్నట్టు.

“అగరొత్తి ఆరేదాకా వచ్చినవాళ్ళు తింటూ తాగుతూ ఉన్నట్టు లెక్క,” అంది లిన్ మెల్లగా. “ఆరిపోయాక అది అందరికీ పంచుతాం. మీరు ఇంకాస్త ఆగి ఉంటే అమ్మే మీకు ఇచ్చేది. నాన్నకి అదంటే ప్రాణం. గుడ్డు పచ్చసొనను చేత్తో గిలక్కొట్టి చెయ్యాలి. అమ్మకి భుజం నొప్పి. ఏడాదికి ఒక్కసారే చేస్తుంది, ఇవాళ మాత్రమే.”

ఆ వాక్యాల్లో ఒక మాట నా చెవిలో పడి అక్కడే కూర్చుంది.

“గుడ్డా?”

హారిక అంతవరకూ కోపంగా ఉంది. అదే మాట దగ్గర ఆమె ముఖం ఒక పక్క నుంచి నవ్వులోకి జారిపోవడం మొదలైంది. నా జుట్టు మీద ఆరుతున్న పచ్చసొనను వేలితో చూపించింది. “శనివారం... నెత్తికి... గుడ్డు...” అని బియ్యం బస్తా మీద కూలబడింది. మళ్ళీ హాన్ గారి చేతుల్లో కప్పు చూసి చటుక్కున నవ్వు మింగేసింది.

“నీకు సమజైందా ఏం జేసినవో? కాకి ముట్టకముందే పిండం ఎత్తుకపోయినవ్. కాకులన్న నయం రాఘవా. పిలిస్తెనే వస్తయి.”

నాకు నిజంగా సమజైంది అప్పుడే. మా ఇంట్లో తద్దినం రోజు పెరట్లో విస్తరి పెట్టి కాకి కోసం ఎంతసేపు నిలబడేవాళ్ళమో గుర్తొచ్చింది. ఎంత ఆకలేసినా ఒక్క మెతుకు ముట్టేవాళ్ళం కాదు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఇంకొకరి విస్తరి లాగేశాను.

“కో, నన్ను క్షమించండి,” అన్నాను. జర్మన్‌లో ఎన్ని రకాల క్షమాపణలున్నాయో అన్నీ వాడాను. చివరికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తప్పిపోయినప్పుడు ఆఫీసులకు రాసే వాక్యం కూడా వాడేసినట్టున్నాను.

ఆవిడ చెయ్యెత్తి ఆపారు. “నన్ను కాదు. అతన్ని అడగాలి.”

అడగడానికి వాళ్ళకో పద్ధతి ఉంది. ఒక పక్క సున్నం రాసిన రెండు పాత నాణేలు చిన్న పళ్ళెంలో వేస్తారు. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా పడితే పోయినవాళ్ళు సరేనన్నట్టు. రెండూ నల్లగా పడితే వద్దన్నట్టు. రెండూ తెల్లగా పడితే నవ్వుతున్నట్టు. నా బతుకులో వీసా ఇంటర్వ్యూకి కూడా అంత భయపడలేదు.

హాన్ గారు ఫొటోతో మామూలుగా, కూర ఉప్పు చూడమన్నంత మామూలుగా మాట్లాడారు. లిన్ మాకు చెప్పింది: “ఇంకో కప్పు నేను చెయ్యనా అని అడుగుతోంది.”

నాణేలు మోగాయి. రెండూ నల్లగా.

“నన్ను చెయ్యమంటావా నాన్నా?” అని లిన్ అడిగి వేసింది. రెండూ తెల్లగా.

“నవ్వుతున్నారు,” అంది లిన్ ముక్కు ఎగబీలుస్తూ. “నేను చేసిన కాఫీకి ఎప్పుడూ నవ్వేవారు.”

హారిక నా వీపు మీద చెయ్యి పెట్టి ముందుకు తోసింది. “తాగినోడినే జెయ్యమంటడేమో అడుగున్రి.”

నాణేలు గిరగిరా తిరిగి పడ్డాయి. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా.

ఆ విధంగా ఏడుకొండలవాడి వారంలో, ఆయన భక్తుడనైన నేను, గిన్నెలోకి గుడ్లు పగలగొట్టి పచ్చసొన వేరు చేశాను. చిక్కటి పాలు పోశాను. గిలక్కొట్టడం మొదలుపెట్టాను. మిషను లేదా అంటే ఆయనకి మిషను చప్పుడు పడదట. కొడుతూనే ఉన్నాను. భుజం మంట, ముక్కులో నీసు. మా ఊళ్ళో కవ్వం పట్టి మజ్జిగ చిలికినవాళ్ళు దేవతలని ఆ రోజు తెలిసింది. ఆపిన ప్రతిసారీ హాన్ గారు గిన్నెలోకి తొంగి చూసి ఒకే మాట అనేవారు.

“నోహ్.” ఇంకా.

చెంచా నిలబడేంత నురగ రావాలట. అది నిలబడేలోపు నేను నిలబడతానా అని అనుమానం వచ్చింది. సరిగ్గా అప్పుడు జేబులో ఫోను మళ్ళీ వణికింది. నా రెండు చేతులూ గుడ్డులో ఉన్నాయి. హారిక నా జేబులోంచి ఫోను తీసింది.

“హలో మార్కుస్. లేదు, ఆయన చేతులు ఖాళీ లేవు... చనిపోయిన ఒకాయనకి కాఫీ చేస్తున్నాడు... అవును, చనిపోయిన... లేదు, జోకు కాదు.”

సోమవారం మాట్లాడతానన్నాడట పాపం. ఫోను పెట్టేసి ఆమె తెర మీద ఇంకేదో చూసింది. అంతకుముందు వచ్చిన కాల్.

“చేతులు కడుక్కుంటనని పోయింది గిందుకా?”

నా దగ్గర అబద్ధాలు అయిపోయాయి. “అవును.”

“తీర్థం?”

“నీకు అబద్ధం చెప్పానని భయమేసింది. దండం పెట్టుకుని తీసుకున్నా.”

“తప్పు నా దగ్గర జేసి, దండం ఆయనకు వెడ్తవా?”

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. స్టూలు మీద కూర్చుని ఖాళీ చెరకు రసం గ్లాసులో ఐసు ముక్కలు కదుపుతూ ఉండిపోయింది. నేను కొట్టడం ఆపలేదు.

నురగ చివరికి నిలబడింది. హాన్ గారు కాఫీ దించి, పైన నురగ వేసి, కప్పును వేడినీళ్ళ గిన్నెలో పెట్టి నా చేతికిచ్చారు. నేనే ఫొటో ముందు పెట్టాను. ఆవిడ కొత్త అగరొత్తులు వెలిగించారు. ఇక చెయ్యాల్సిందేమీ లేదు. కూర్చోవడమే. అగరొత్తి ఆరేదాకా.

మీరెప్పుడైనా అగరొత్తి పూర్తిగా కాలడం చూశారా? మనం వెలిగిస్తాం, దండం పెట్టి ఆఫీసుకి పోతాం. అది ఎంత తీరిగ్గా కాలుతుందో నాకు అంతవరకూ తెలియదు. నా ఫోను హారిక దగ్గర ఉంది. చెయ్యడానికి చేతుల్లో ఏమీ లేదు. హాన్ గారు తన పాత జర్మన్‌లో, ఎవరితోనూ అన్నట్టు కాకుండా, మాట్లాడారు.

“మా ఊళ్ళో సరస్సు ఒడ్డున ఒక సందు ఉంది. ఇలాంటి స్టూళ్ళే. పెళ్ళికి ముందు అక్కడే గుడ్డు కాఫీ తాగేవాళ్ళం. ఒక కప్పు, రెండు చెంచాలు. ఇక్కడికి వచ్చాక ప్రతి వేసవిలోనూ అనేవాడు, వచ్చే ఏడాది వెళ్దాం, మళ్ళీ ఆ స్టూళ్ళ మీద కూర్చుందాం అని. దుకాణం ఉంది కదా. ఎవరు చూస్తారు? వచ్చే ఏడాది.” ఆవిడ ఆప్రాన్ అంచు సవరించుకున్నారు. “ఇప్పుడు ఆ స్టూళ్ళు ఇక్కడే తెచ్చి వేశాను. కాఫీ కూడా ఉంది. అతనే లేడు.”

హారిక నా వంక చూడలేదు. నేను ఆమె వంక చూడలేదు. ‘వచ్చే ఏడాది’ అన్న మాట మా ఇద్దరి మధ్యా బుద్ధిగా ఒక స్టూలు వేసుకుని కూర్చుంది. కాసేపటికి ఆమె తల నా భుజం మీద వాలింది. గిలక్కొట్టిన భుజమే అది, ప్రాణం పోతోంది. కదల్లేదు. నెలల తరబడి రైలు అద్దానికి అటూ ఇటూ పెట్టుకున్న చేతులు అప్పుడు నా ఒళ్ళో ఒకచోట ఉన్నాయి, గుడ్డు వాసనతో.

అగరొత్తి చివరి బూడిద రాలింది. హాన్ గారు కప్పు తీసి నాకు ఇచ్చారు. “ఇప్పుడు తాగు.”

నేను జంకాను. తెలియక తాగడం వేరు, తెలిసి తాగడం వేరు. ఇవాళ శనివారం.

“తాగు,” అంది హారిక. “ఇప్పుడు నిజంగనే ప్రసాదం. వద్దంటె ఇద్దరు దేవుళ్ళతోని కొట్లాట.” లిన్ రెండు చెంచాలు తెచ్చింది. ఒక కప్పు, రెండు చెంచాలు. చల్లారిపోయింది. దొంగతనంగా తాగినప్పుడే వేడిగా ఉంది, నిజం చెప్పొద్దూ. అయినా మొదటి కప్పు రుచి ఇప్పుడు నాకు గుర్తులేదు, ఇదే గుర్తుంది.

ఆ సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ట్రామ్‌లోనే, హారిక చూస్తుండగా, మార్కుస్‌కి ఉర్లౌబ్, అంటే సెలవు, కావాలని రాశాను. ఏ తేదీల్లో రిలీజ్ ఉందో చూడకుండా రాశాను. కారణం అడిగాడు. “ఒక పెద్దాయన కాఫీ తాగేశాను, ఆయన ఊరు వెళ్ళి చెల్లించాలి” అని జవాబిచ్చాను. వెంటనే మంజూరైంది. నా ఆరోగ్యం మీద ఆఫీసులో ఆనాటి నుంచి ప్రత్యేక శ్రద్ధ.

చలికాలంలో హనోయ్ వెళ్ళాం. హాన్ గారు చెప్పిన సరస్సు, ఆ ఒడ్డున సందు, మోకాలెత్తు స్టూళ్ళు అన్నీ ఉన్నాయి. మేమిద్దరం కూర్చుని మా ఇద్దరికే కాక, ఖాళీగా ఉన్న మూడో స్టూలు ముందు కూడా ఒక గుడ్డు కాఫీ పెట్టమన్నాం. రెండు చెంచాలతో. హారిక సంచీలోంచి అగరొత్తి తీసి అరటిపండుకి గుచ్చి వెలిగించింది. సందులో ఎవరూ వింతగా చూడలేదు. పక్క స్టూలు పెద్దావిడ తన స్టూలు కాస్త జరిపి చోటిచ్చింది. అది ఆరేదాకా కూర్చున్నాం. నేను ఆ కప్పును బ్యాంకు ముందు గన్‌మ్యాన్‌లా కాపలా కాశాను. దాని మీద వాలబోయిన ఈగను కూడా తోలాను.

తిరిగొచ్చి హాన్ గారి ఇంటికి వెళ్ళి సంగతంతా చెబితే ఆవిడ చివరిదాకా విన్నారు. లోపలికి వెళ్ళి, ఫొటో తెచ్చి బల్ల మీద పెట్టి, నాణేలు వేశారు. రెండూ తెల్లగా పడ్డాయి. ఆవిడ కూడా నవ్వారు, చెంగు లేదు కాబట్టి ఆప్రాన్‌తో కళ్ళు తుడుచుకుంటూ.

ఇప్పుడు ఏటా ఆ తిథికి గుడ్డు గిలక్కొట్టే పని నాదే. అది శనివారం పడితే ఏడుకొండలవాడికి ముందురోజే దండం పెట్టుకుని సెలవు తీసుకుంటాను. మార్కుస్ మంజూరు చేసినంత సులువుగానే ఆయనా చేస్తాడని నా నమ్మకం.

కనుక, చదివినవాళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నవ్వే మనిషి ఫొటో ముందు ఉన్న ఏ ద్రవాన్నీ, అది తీర్థమని ఎవరైనా నోటరీ చేయించి ఇచ్చినా సరే, అగరొత్తి ఆరకుండా ముట్టను. ‘వచ్చే ఏడాది’ అన్న మాటను ఇంట్లో ఉచ్చరించను. చేతులు కడుక్కుంటానని లేస్తే చేతులే కడుక్కుంటాను. ముందుచూపుతో హారికకి ఒక మాట కూడా చెప్పి ఉంచాను: “నా ఫొటోకి మాత్రం తప్పకుండా దండ వెయ్యి. లేకపోతే మనవాడెవడో వచ్చి నా కాఫీ తాగేస్తాడు.”

“వేస్తలే,” అంది. “ముందుగాల్ల గా టీ కప్పు కడుగు. మంగళవారం అయింది.”

కడిగాను. ఇప్పుడు ఆమె పని కూడా బెర్లిన్‌లోనే, ఆదివారం రైలెక్కి వెళ్ళదు కదా.